ఫిడేలు నాయుడుగారి ఉద్యోగం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చి సంగీతం గురించి మాట్లాడమన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. వినడం మాత్రం చిన్నప్పటినుంచీ అలవాటు. అందుచేత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఒక ఉద్యోగిగా చూసి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఎందుకో కూడా ముందే చెప్పేస్తాను. మన భవనం మేడమీది గదిని వారంలో రెండు సాయంత్రాలు పిల్లలకు వయొలిన్ నేర్పడానికి ఇవ్వాలన్న ప్రతిపాదన ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశానికి రానుంది. నేర్పడానికి ముందుకొచ్చినవారు మన సభ్యురాలే. సంగీత కళాశాలలో పనిచేసి రిటైరయినవారు. గది అద్దె పోతుందని, ఆ డబ్బు వైద్య సహాయ నిధికి వెళ్ళేదని కొందరు మిత్రుల అభ్యంతరం. అది తోసిపుచ్చదగ్గ మాట కాదు. అయినా నాయుడుగారి కథ విన్న తరువాత ఓటు వేయమని నా మనవి.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. తండ్రిగారు సైన్యంలో ఉద్యోగి. కుర్రవాడికి చూపు మందం. నల్లబల్ల మీది అక్షరం కనిపించక బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్యగారు చేతికి ఫిడేలు ఇచ్చి నేర్పారు. కంటికి దూరమైన విద్య చెవికి దగ్గరయింది.

1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు. సంగీతం మీద మక్కువ గలవాడు. అతని కోసమే ఆ కళాశాల వెలిసిందని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరడానికి వెళ్ళిన నాయుడుగారి వాదన విని, విద్యార్థిగా కాదు, వయొలిన్ అధ్యాపకుడిగానే వేసుకున్నారని చెబుతారు. అప్పటికాయనకు ఇరవై ఆరేళ్ళు. మన ఆఫీసుల్లో అయితే విద్యార్హతల కాలమ్ ఖాళీగా ఉందని ఆ ఫైలు మూడుసార్లు తిరిగి వచ్చేది!

1936లో నారాయణదాసుగారి తరువాత ఆయనే ప్రిన్సిపాలు అయ్యారు. పాఠాలు చెబుతూనే కచేరీలకు వెళ్ళేవారు. మద్రాసు, మైసూరు, తంజావూరు సీమల విద్వాంసుల సరసన ఆంధ్రదేశపు ఫిడేలు కూర్చున్నది ఆయన చేతుల మీదుగానే. జనం ఆయన్ని 'ఫిడేలు నాయుడుగారు' అనే పిలిచేవారు.

ఆ వాయిద్యం సంగతి కూడా కొంచెం చెప్పాలి. వయొలిన్ మనది కాదు, పడమటి దేశాలది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకొని మన సంగీతానికి మళ్ళించారు. అక్కడివాళ్ళు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనవాళ్ళు మఠం వేసుకుని కూర్చుని, దాని తలను కాలి చీలమండ దగ్గర ఆనించి, తంతులను షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకున్నారు. ఆ తరువాత చాలాకాలం అది పక్కవాద్యమే. గాయకుడు రాగం ఆలపిస్తే వెనకాలే అనుసరించాలి, స్వరం వేస్తే జవాబు చెప్పాలి. పేరు మాత్రం గాయకుడిది. హెడ్ క్లర్కు నోట్ రాస్తే పైఅధికారి సంతకం పెట్టినట్టు! ఈ పోలిక మనకు చప్పున అర్థమవుతుంది.

నాయుడుగారు గొప్ప గాయకులకు పక్కవాద్యం వాయించారు. దాన్ని ఏనాడూ చిన్నతనంగా చూడలేదు. అయితే 1938లో వేలూరులో వయొలిన్‌నే ప్రధానంగా పెట్టి పూర్తి కచేరీ చేశారు. పాట లేకుండా ఫిడేలు ఒక్కటే సభను కూర్చోబెట్టగలదని చూపించారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1957లో పద్మశ్రీ వరించాయి. 1952లో మనదేశం వచ్చిన యెహుదీ మెనుహిన్ మద్రాసులో ఆయన వాదన విని ఎంతో మెచ్చుకున్నారు.

ఇక రికార్డులు. ఆనాటి గ్రామఫోన్ పళ్ళెంలో ఒక వైపు మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టదు. గంటసేపు విస్తరించగల రాగాన్ని ఆ కాస్తలో ఇమిడ్చి, కీర్తన కూడా వినిపించాలి. ఉత్తరం రాయవలసిన చోట టెలిగ్రాం ఇచ్చినట్టు. ఆ పళ్ళేల వల్ల, రేడియో వల్ల ఆయన ఫిడేలు కచేరీ టిక్కెట్టు కొనలేని ఇళ్ళకు కూడా చేరింది. 1964లో నాయుడుగారు కాలం చేసేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. ఎదుట కూర్చుని వినే భాగ్యం కలగలేదు. నాకు తెలిసిన ద్వారంవారు రేడియోలోంచి వినిపించిన ద్వారంవారే. ఇప్పుడు మా మనవరాలు సెల్‌ఫోనులో పెట్టి వినిపిస్తోంది. మరుగుతున్న పాలు పొంగకుండా నిదానంగా గరిట తిప్పినట్టు ఉంటుంది ఆ కమాను నడక. తొందర ఉండదు, తడబాటు ఉండదు.

మిత్రులు కొందరు అడగవచ్చు. ఫోను నిండా రికార్డులు ఉన్నాయి కదా, పిల్లలు వాటిని విని నేర్చుకోరాదా, గది ఎందుకు? అని.

వీణకు మెట్లు ఉంటాయి. వేలు ఎక్కడ పెట్టాలో మెట్టు చెబుతుంది. వయొలిన్‌కు మెట్లు ఉండవు. వేలు నూలుపోగంత జరిగితే స్వరం చెడిపోతుంది. చెడిందని కొత్తగా నేర్చుకునే పిల్లకు వెంటనే తెలియదు. పక్కన కూర్చున్న గురువు చెవికి తెలుస్తుంది. "అమ్మాయీ, కాస్త పైకి" అనే మనిషి ఉండాలి. కమాను ఎంత బరువుగా ఆనాలి, కీర్తనలో ఏ అక్షరం దగ్గర మలుపు తిరగాలి అన్నది చెయ్యి పట్టుకుని చూపించవలసినదే. సరైనది ఎలా ఉంటుందో రికార్డు వినిపిస్తుంది. నువ్వు చేసినది సరిగ్గా లేదని మాత్రం చెప్పదు.

అందుకే నాయుడుగారి జీవితంలో పతకాలకన్న ఆ నౌకరీ పెద్దదని నా అభిప్రాయం. నెల జీతం, పాఠం చెప్పడానికి ఒక కప్పు, రోజూ వచ్చే పిల్లలు. ఈ మూడూ ఉండబట్టి విద్య ఒక ఇంట్లో ఆగిపోలేదు. ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలోనే ఘంటసాల ఆ కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర గాత్రం నేర్చుకున్నారు; వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని చదివిన విద్య అది. నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో అక్కడే చేరి ద్వారం నరసింగరావు నాయుడుగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. తరువాత శ్రీపాద పినాకపాణిగారి శుశ్రూషలో గాయకులై, అన్నమయ్య కీర్తనలు ఎన్నింటికో స్వరాలు కట్టారు. మన ఇళ్ళల్లో పొద్దున్నే వినిపించే పాటల మూలం వెతుక్కుంటూ పోతే, విజయనగరంలో చాప మీద కూర్చున్న పిల్లవాడి దగ్గర తేలుతుంది. 2019లో ఆ కళాశాలకు నూరేళ్ళు నిండాయి.

ఒక ఉద్యోగి బిడ్డ కోసం మొదలైన బడి అది. మనం కళాశాల పెట్టనక్కర్లేదు. ఒక గది చాలు.

అద్దె విషయానికి వస్తాను. నేను మూడేళ్ళ రసీదు పుస్తకాలు చూశాను. మేడమీది గదిని పెళ్ళి ముహూర్తాల రోజుల్లోనే అడుగుతున్నారు, అదీ కింది హాలుతో కలిపి. మిగిలిన రోజుల్లో తాళం వేసే ఉంటోంది. కాబట్టి మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతి పెట్టి, ముహూర్తం పడిన రోజున మానుకుంటే వైద్య నిధికి లోటు రాదు. కరెంటు ఖర్చు ఏడాదిపాటు నా పెన్షనులోంచి ఇచ్చుకుంటాను. ఏడాది తరువాత లెక్కలు చూసి, నష్టమని తేలితే రద్దు చేయండి.

మా మనవరాలికి కూడా అక్కడ చోటు అడుగుతాను కాబట్టి నాకు స్వార్థం లేదనను. కానీ మన సభ్యురాలికి డెబ్భై దాటాయి. ముప్పై ఏళ్ళు పిల్లల వేళ్ళు సరిదిద్దిన చెవి ఆమెది. మనం నవంబరు నవంబరుకూ లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బతికే ఉన్నామని రుజువు చేసుకుంటున్నాం. ఆ చెవి పనిచేస్తుండగానే మన పిల్లలను దాని ముందు కూర్చోబెడదాం.

మధ్యాహ్నం భోజనాల తరువాత ఎవరూ వెళ్ళిపోవద్దని, సమావేశానికి తప్పక రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.