మిషన్ల కింద ఏం పరవాలి?
(సర్వసభ్య సమావేశంలో కుట్టు కేంద్రం సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా కుట్టు కేంద్రం జమాఖర్చులు ఇంతకుముందే చదివి వినిపించారు. మేము మాట్లాడేది నేల గురించి. నేల గురించి ఏం మాట్లాడతారమ్మా అని నవ్వకండి. ఈ ఏడు మా కేంద్రం ఉన్నచోటనే నిలబడిందంటే మిషన్ల కింద పరిచిన మ్యాట్ల వల్లనే.

మేము ఉండేది అద్దె ఇంటి పై అంతస్తు. 11 మిషన్లు, అన్నీ మోటారువి. బడి యూనిఫారాల పని వచ్చిందంటే జూన్‌లో బడులు తెరిచేలోగా కుట్టి ఇచ్చెయ్యాలి, అందుకని రాత్రి తొమ్మిది దాకా కూర్చుంటాం. కింది వాటాలో ఒక బాలింత, పసిబిడ్డ ఉన్నారు. మిషన్లు తిరుగుతుంటే స్లాబు దడదడలాడుతోంది, బిడ్డ ఉలిక్కిపడి లేస్తోంది అని వాళ్ళు ఇంటాయనకు చెప్పారు. నెల రోజుల్లో చప్పుడైనా తగ్గాలి, ఇల్లైనా ఖాళీ చెయ్యాలి అన్నాడాయన. వాళ్ళ బాధ వాళ్ళది, అందులో తప్పేం లేదు. మాకేమో బ్యాంకు కిస్తీ ఆగదు. అంత సామాను ఎక్కడికి మోసుకెళ్తాం?

చప్పుడు రెండు రకాలు. పై వాటాలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే కింద పెద్దగా వినపడదు. అదే రోట్లో కారం దంచితే ఇల్లంతా అదురుతుంది. గాలిలో వచ్చే శబ్దాన్ని మందపాటి స్లాబు చాలావరకు ఆపుతుంది. నేలను నేరుగా తాకే దెబ్బను మాత్రం ఆపదు, పైగా గోడల దాకా మోసుకుపోతుంది. మా మిషన్లది ఈ రెండో రకం. కాబట్టి దెబ్బ నేలకు తగలకముందే పట్టుకోవాలి. ఆ పని చేసేదే నేలకూ పైనున్నదానికీ మధ్య పరిచే మెత్త. షాపువాళ్ళు దాన్ని అండర్‌లే అంటారు.

షాపులో ముందు చూపించేది తెల్లటి పలచని ఫోమ్ షీటు. చవక, తేలిక, చుట్టలు చుట్టి అమ్ముతారు. చెక్క పలకల నేల కింద వేసుకోవడానికి అది పనికొస్తుంది. మిషన్ స్టాండు కింద వేస్తే కాలు దిగిన చోట అప్పడంలా అణిగిపోతుంది. అణిగిన ఫోమ్‌కు ఇక దెబ్బను పట్టే గుణం ఉండదు. మెత్తగా ఉంటే చాలు అనుకోకూడదు, అణిగినా మళ్ళీ లేవాలి. ఇది తెలుసుకోవడానికి మిషనేం అక్కరలేదు. అరచెయ్యంత ముక్క అడిగి తెచ్చుకుని, దాని మీద ఇటుకలు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఇటుకలు తీస్తే గుంట అలాగే ఉందా, పూడిందా చూడండి. మేము నాలుగు రకాల ముక్కలు తెచ్చి ఇలాగే చూశాం. ఆ తర్వాత ఒక్కొక్కటీ ఒకే మిషన్ కింద పెట్టి తిప్పాం, మాలో ఇద్దరు కింది వాటాలో కూర్చుని విన్నారు. బాలింత కూడా విని చెప్పింది. అసలు తీర్పు ఆమెదే కదా.

గట్టి రబ్బరు మ్యాట్ గెలిచింది. పాత టైర్ల రబ్బరును పొడిచేసి, అతికించి చేసేది. బరువుగా ఉంటుంది, మొదట్లో వాసన కొడుతుంది, నాలుగు రోజులు డాబా మీద నీడలో ఆరేస్తే కొంత తగ్గుతుంది. కొబ్బరి పీచు మ్యాట్ కూడా బాగానే పనిచేసింది, కానీ దారాలూ నూనె చుక్కలూ అందులో ఇరుక్కుంటే ఊడ్చి చావాలి. గది అంతా పరవలేదు. అంత డబ్బు ఎందుకు? ఒక్కో మిషన్‌కు సరిపడా రబ్బరు ముక్క, దాని మీద ప్లైవుడ్ పలక, పలక మీద మిషన్. పలక లేకపోతే బరువంతా నాలుగు కాళ్ళ కిందే పడుతుంది. ఇంకో మాట, పలకను నేలకు మేకులతో బిగించకూడదు. మేకు నేలకు తగిలితే దెబ్బ దాని గుండానే దిగిపోతుంది, మ్యాట్ ఉండీ లేనట్టే. గోడకు కూడా వేలెడు ఎడం వదలాలి.

ఇప్పుడు కింద అదురు లేదు. మోటారు రొద మాత్రం మెట్ల వైపు నుంచి కొంచెం వినపడుతుంది, దానికి తలుపు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాం. ఇంటాయన మళ్ళీ ఖాళీ చెయ్యమనలేదు.

ఇళ్ళలో పరుచుకోవాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. చలికాలంలో బండల మీద కాళ్ళు జివ్వుమంటాయని చాలామంది అడుగుతున్నారు. రాయి కాలిలోని వేడిని త్వరగా లాగేస్తుంది, గాలి బుడగలున్న ఏ మెత్త అయినా దాన్ని నెమ్మది చేస్తుంది. చలికైతే ఫోమ్ చాలు, అదురుకైతే రబ్బరు కావాలి. ఎండాకాలం వేడి తగ్గుతుందని మాత్రం ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఆ వేడి పైకప్పు నుంచి వస్తుంది, నేల మీద మెత్త వేస్తే ఏం లాభం? ఆ డబ్బుతో డాబాకు సున్నం కొట్టించుకోండి.

కింది అంతస్తు ఇళ్ళలో ముందు చెమ్మ చూసుకోవాలి. రెండడుగుల ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి ఒక రోజు ఉంచండి. కవరు లోపలివైపు నీటి బొట్లు పడితే చెమ్మ కింది నుంచే వస్తోందని అర్థం. అది బాగు చేయించకుండా ఏది పరిచినా కింద బూజు పడుతుంది. టైల్స్ వేయించేవాళ్ళు వాటి కింద ఈ మెత్తటి ఫోమ్ వెయ్యనియ్యకండి, టైలు అణిగి పగులుతుంది. ముసలివాళ్ళు నడిచే చోట మందం ఎక్కువైతే కాలు తడబడుతుంది. కరెంటు వైర్లు ఏ మ్యాట్ కిందా పోనియ్యకండి. థర్మోకోల్ కూడా వద్దు, ఇస్త్రీపెట్టె ఉన్న గదిలో అసలే వద్దు.

మేము పరీక్షించిన నాలుగు ముక్కలూ వెనక బల్ల మీద పెట్టాం, నొక్కి చూడండి. మిగిలిన రబ్బరు ముక్కలు మిక్సీల కిందకు సరిపోతాయి. కావలసినవాళ్ళు భోజనాల తర్వాత మా దగ్గర పేరు రాయించి తీసుకెళ్ళండి.