బండ పలికితే

నల్లగొండ, పాలమూరు వైపు రాళ్లు కొట్టేవాళ్లను చూశారా? బండను చీల్చేముందు సుత్తితో ఒక దెబ్బ వేసి చెవి ఒగ్గుతారు. ఖంగుమంటే రాయి గట్టిది. మొద్దుగా పలికితే లోపల పగులుంది. నొక్కితే ఒదిగి, వదిలితే మళ్లీ మొదటికొచ్చే స్థితిస్థాపక గుణాన్ని వాళ్లు చెవితోనే కొలిచేస్తారు.

అదే గ్రానైట్ ముక్కను అరచేతిలో పెట్టుకొని చూడండి. గాజులా మెరిసేది క్వార్ట్జ్, గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, నల్లగా తళుక్కుమనేది అభ్రకం. అన్నీ స్ఫటికాలే, అంటే పరమాణువులు వరుస తీరి కూర్చున్నవి. కానీ ఆ వరుస ఎక్కడా పూర్తిగా కుదరదు. ఒకచోట పరమాణువు ఉండదు, ఇంకోచోట పరాయిది దూరి ఉంటుంది. కరెంటును పోనివ్వని పొడి రాయిలోనూ కాస్తంత విద్యుత్తు కదిలేది ఈ లోపాల పుణ్యానే.

మరి ఒత్తిడి పెరిగితే? భూకంపానికి ముందు ఆ లోపాలు ఒకే దిక్కుకు తిరిగి నేలలో విద్యుత్ సంకేతాలు పుట్టిస్తాయని 1980లలో గ్రీసులో వరోట్సోస్ బృందం వాదించింది. తర్వాత అమెరికాలో ఫ్రాయిండ్ అనే శాస్త్రవేత్త రాతి దిమ్మను ఒక కొసన నొక్కి, రెండో కొసకు కరెంటు పారడం చూపించాడు. ప్రయోగశాలలో సరే, కానీ బయట రైళ్లు, మోటార్లు, మెరుపులు అన్నీ నేలలో విద్యుత్ సంకేతాలు పుట్టించేవే. నమ్మదగ్గ జోస్యం ఇంతవరకు కుదరలేదు.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. 2020 జనవరి 26 తెల్లవారకముందే, పులిచింతల జలాశయం దగ్గర, పాత నల్లగొండ జిల్లా చింతలపాలెం ప్రాంతంలో 4.6 తీవ్రతతో భూమి కదిలింది. అంతకుముందు కూడా అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ యంత్రాలు పట్టుకున్నది రాతిగుండా వచ్చిన అలలనే, సుత్తి దెబ్బకు బండ పలికినట్టు.