కదిలే బండికి అందించడం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అన్నా, నలభై ఏళ్లు ఆర్.ఎం.ఎస్.లో చేసినవు కదా, పావుగంట మాట్లాడు" అన్నారు. ఆర్.ఎం.ఎస్. అంటే రైల్వే మెయిల్ సర్వీసు. ఎర్ర పెట్టెలో ఉత్తరం వేసేవాళ్లు తెలుసు, ఇంటికి తెచ్చే పోస్ట్‌మన్ తెలుసు, మధ్యలో రాత్రంతా రైల్లో నిలబడి సార్టింగు చేసే మేము ఎవరికీ కనబడం. ఆ కథలు చెప్పమంటే తెల్లారుతుంది. నేను ఒక్క సంగతే చెప్తా. ఈ బడిలో నాకు సైన్సు చెప్పిన సారు నాకో పని అప్పజెప్పారు. అది పూర్తి చేసి ఆయనకు చూపించలేకపోయాను. ఆయన ఇప్పుడు లేరు. అందుకని మీ ముందు పెడుతున్నాను.

మా ఇల్లు ఇక్కడే, గౌలిపురలో, అద్దెకు ఒక గది. మా బాపు రైల్వేలో పాయింట్స్‌మన్. ఉద్యోగం మాత్రం ఊరవతల మీటరుగేజి లైను మీద ఒక చిన్న స్టేషన్లో. దాని పేరు చెప్పను, అవసరం లేదు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఆయన లేని రోజుల్లో నేను ఛత్రినాక మీదుగా ఉప్పుగూడ స్టేషన్‌కు నడిచి వెళ్లి బండ్లు చూసేవాణ్ని. 1969లో ఉద్యమం వచ్చి నెలల తరబడి బడులు మూతపడ్డాయి. మీలో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. "ఇక్కడ గల్లీలల్ల తిరుగుడు ఎందుకు" అని అమ్మ నన్ను బాపు దగ్గరికి పంపింది. అక్కడ చూశాను, కదిలే బండికి వస్తువు అందించడం ఎట్లా ఉంటుందో.

ఒకే పట్టా ఉన్న లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా రావద్దు కదా. అందుకు ప్రతి స్టేషన్లో ఒక యంత్రం ఉండేది, నీల్స్ టోకెన్ యంత్రం అనేవాళ్లు. అందులో ఇనుప గుండ్లు ఉంటాయి. పక్క స్టేషన్ మాస్టరు గంట కొట్టి ఒప్పుకుంటేనే ఒక గుండు బయటికి వస్తుంది. ఒకటి బయట ఉన్నంతసేపు అటు గానీ ఇటు గానీ రెండోది రాదు. డ్రైవరు చేతిలో ఆ గుండు ఉంటే ముందున్న పట్టా అంతా అతనిదే. లేకపోతే బండి కదలరాదు.

ఆగే బండికైతే గుండు చేతికిస్తే సరి. ఆగని బండికి? గుండును తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద బెత్తపు రింగుకు కట్టేవాళ్లు. బాపు ప్లాట్‌ఫారం అంచున రింగు ఎత్తి పట్టుకొని నిలబడతాడు. ఇంజను మెట్టు మీద ఫైర్‌మన్ వంగి, చెయ్యి మోచేతి దాకా రింగులో దూర్చి లాక్కుపోతాడు. అదే ఊపులో వెనక స్టేషన్ నుంచి తెచ్చిన రింగును కిందికి వదులుతాడు. రాత్రిపూటైతే బాపు రెండో చేతిలో మషాల్ వెలుగుతుండాలె, రింగు ఎక్కడుందో ఫైర్‌మన్‌కు కనబడాలని. బొగ్గు ఇంజను ఆవిరి, ఆ మంట, రెండు చేతులు, ఒక్క క్షణం. బండి పోయినాక మిగిలేది వేడి గాలి.

నేను పట్టాలు లేని చోట ఆ రింగుతో ఆడుకుంటుంటే బాపు నేర్పించాడు. "గట్టిగ పట్టుకోవద్దు బిడ్డా. బండితోని జర్రంత చెయ్యి పోనియ్యాలె. ఆపుదామని చూసినవా, భుజం ఊడొస్తది." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

బడులు తెరిచారు. సారు సాపేక్ష వేగం పాఠం చెప్తుంటే లేచి ఈ రింగు సంగతి చెప్పాను. ఆయన ఎంత సంతోషించారంటే, పాఠం అక్కడే ఆపి అందర్నీ మైదానంలోకి తీసుకుపోయారు. ఒకణ్ని పరుగెత్తమని, ఒకణ్ని నిలబడి డస్టర్ అందించమన్నారు. చెయ్యి బిగబట్టినవాడి చేతికి దెబ్బ తగిలింది. చెయ్యి వెంట పోనిచ్చినవాడికి తగల్లేదు. "క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు తీస్తారో ఇప్పుడు రాయండ్రా" అన్నారు. అప్పుడే చెప్పారు, ఇంగ్లండులో, అమెరికాలో పరుగెత్తే రైలుకు ఉత్తరాల సంచులనే ఇట్లా అందిస్తారని, దానికి మనిషి చెయ్యి అక్కర్లేదని, కొక్కేలు, వలలు ఉంటాయని. మేం నోళ్లు తెరుచుకొని విన్నాం.

ఆ వానాకాలంలోనే ఒక రాత్రి బాపుకు దెబ్బ తగిలింది. వానలో మషాల్ సరిగా వెలగలేదట. ఇంజను మీద నుంచి వచ్చిన రింగు, లోపల గుండుతో సహా, వచ్చి మెడ కింది ఎముకకు తగిలింది. ఎముక విరిగింది. అతికింది గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు. కూర్చుని చేసే చిన్న పనిలో వేశారు, జీతం తగ్గింది. ఎవరినీ ఏమీ అనలేదు ఆయన. "నాదే తప్పు, చూసుకోలే" అనేవాడు.

బడికి వెళ్లాక సారును అడిగాను. ఇప్పటికీ ఆ గొంతు నాకు వినబడుతుంది, కొంచెం పొగరుగానే అడిగాను. "అక్కడ సంచికి కొక్కెం ఉంటే మా బాపుకు ఎందుకు లేదు సార్?" సారు చాలాసేపు ఏమీ అనలేదు. "నాకు తెలువదు. నువ్వు తెలుసుకొని నాకు చెప్పు" అన్నారు. తెలియదని చెప్పిన మాస్టారును నేను మొదటిసారి చూశాను.

తెలుసుకున్నది చెప్తా.

రైల్లో ఉత్తరాలు సార్టింగు చేయడం 1838లో ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్, లివర్‌పూల్ మధ్య మొదలైంది. మొదటి పెట్టె ఏదనుకున్నారు? గుర్రాలను తరలించే డబ్బా. అందులో అరలు బిగించి గుమాస్తాలను నిలబెట్టారు. బండి ప్రతి ఊళ్లో ఆగితే ఇక లాభమేముంది? అదే ఏడాది నథానియెల్ వర్స్‌డెల్ అనే బండ్ల తయారీదారు ఆగకుండా సంచి అందుకునే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. పోస్టాఫీసుకూ ఆయనకూ ధర కుదరలేదు. వాళ్లు తమ మనిషి జాన్ రామ్సే చేసిన పరికరం పెట్టుకున్నారు. మన సుల్తాన్ షాహీ బేరాల లాగానే అన్నమాట.

తర్వాత్తర్వాత బాగుపడిన పద్ధతి ఇది. పట్టా పక్కన ఒక స్తంభం, దానికి పక్కకు తిరిగే ఇనుప చెయ్యి. మందమైన తోలు సంచిలో ఉత్తరాల బస్తా పెట్టి దానికి వేలాడదీస్తారు. మెయిల్ డబ్బా పక్కన మడత వల ఉంటుంది. చోటు రాగానే గుమాస్తా దాన్ని బయటికి తెరుస్తాడు. వల మూతికున్న తాడు సంచి పట్టీని కొడుతుంది, సంచి ఊడి డబ్బాలో పడుతుంది. డబ్బాలోంచి దిగాల్సిన సంచులు అట్లాగే బయటికి వేలాడి, నేల మీద ఉన్న వలలో పడతాయి. సంచి బరువు 60 పౌండ్లు, అంటే 27 కిలోలు, మించరాదు.

సారు ఉంటే లెక్క వేయించేవారు, ఆయన బదులు నేను వేశాను. బండి గంటకు 60 మైళ్ల మీద ఉంటే సెకనుకు 27 మీటర్లు. కదలకుండా ఉన్న సంచికి ఆ వల తగిలితే, 37 మీటర్ల ఎత్తు నుంచి కిందపడ్డంత దెబ్బ. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. అందులో మూడింట రెండు వంతుల ఎత్తు నుంచి సంచిని వదిలినట్టు. తోలు అంత మందంగా ఎందుకో అర్థమైందా? అమెరికావాళ్లు సంచిని నడుం దగ్గర పట్టీతో బిగించి, ఉత్తరాలను పైకీ కిందికీ సర్దేవాళ్లు. డబ్బా తలుపు దగ్గరున్న ఇనుప కొక్కెం ఆ సన్నటి నడుమును పట్టుకునేది. దిగాల్సిన సంచిని మాత్రం గుమాస్తా కాలితో తన్నేవాడు! సరిగ్గా తన్నకపోతే చక్రాల కిందికి పోయి ఉత్తరాలు మంచు కురిసినట్టు ఎగిరేవట.

ఇంత యంత్రం ఉన్నా చీకట్లో చోటు కనిపెట్టేది మనిషే. వల ముందే తెరిస్తే వంతెనకు తగులుతుంది, ఆలస్యమైతే సంచి పోతుంది. 1936లో తీసిన 'నైట్ మెయిల్' అనే డాక్యుమెంటరీని ఈ మధ్య మా మనవడు ఫోన్లో చూపించాడు. అందులో పాత గుమాస్తా కొత్తవాడికి నేర్పుతుంటాడు, వంతెనలు లెక్కపెట్టు, తర్వాత పట్టాల చప్పుళ్లు లెక్కపెట్టు, అప్పుడు వల తియ్యి అని. నాకు బాపు గుర్తొచ్చాడు. మనవడికి ఎందుకు కళ్లు తుడుచుకుంటున్నానో తెలియలేదు.

ఇప్పుడు అసలు జవాబు. టోకెన్‌కు కూడా యంత్రం ఉండేది. స్కాట్లండులో గ్రేట్ నార్త్ రైల్వేలో జేమ్స్ మాన్సన్ అనే ఇంజనీరు 1880ల చివర్లో తయారు చేశాడు. ఇంజనుకు ఒక పరికరం, పట్టా పక్కన ఒక పరికరం, వాటంతట అవే మార్చుకుంటాయి. ఎందుకు చేశాడంటే, చేత్తో మార్చుకునేటప్పుడు మనుషులు దెబ్బలు తినడం చూశాడు. దానికి పేటెంటు తీసుకోలేదు, దెబ్బలు ఆపేదాన్ని అమ్ముకోవద్దని. అంటే బాపుకు దెబ్బ తగిలేనాటికి ఆ యంత్రం పుట్టి దాదాపు 80 ఏళ్లు. కనిపెట్టనిది కాదు, దొరకనిది కాదు, పేటెంటు ఖర్చూ లేదు.

మరి ఎందుకు లేదు? నాకు తోచింది చెప్తా, తప్పయితే ఇక్కడున్న ఇంజనీర్లు సరిదిద్దండి. ఉత్తరాల సంచికి యంత్రం వచ్చింది వేగం కోసం. చెయ్యి ఆ వేగానికి అందదు కాబట్టి వచ్చింది. మా బాపు లైను మీద బండ్లు మెల్లగా పోయేవి, చెయ్యి అందేది. అందినన్నాళ్లూ దానికి యంత్రం అవసరమని ఎవరికీ అనిపించదు. చేతులు చౌక, ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. మాన్సన్ లాంటివాడు ఒక్కడు దెబ్బలు లెక్కపెట్టాడు, అందుకని అక్కడ వచ్చింది. నా కోపం ఎవరి మీదా కాదు. చాలాకాలం ఉండేది, అది నిజం.

మన దేశంలో రైలు సార్టింగు 1863లో అలహాబాదు, కాన్పూరు మధ్య మొదలైంది. మన నిజాం సర్కారుకు సొంత టపా ఉండేది, 1869 నుంచి సొంత స్టాంపులూ ఉండేవి, 1950లో భారత తపాలాలో కలిసింది. మా నానమ్మ చివరిదాకా "టపాఖానా" అనే అన్నది. నేను హైదరాబాద్ జడ్ డివిజన్లో చేరింది 1973లో, పిన్‌కోడ్ వచ్చిన మరుసటి ఏడాది. నా సర్వీసంతా చూశాను గానీ అట్లాంటి కొక్కెం, వల ఒక్కచోట కూడా నాకు కనబడలేదు. మా బండి ఆగేది, మెయిల్ గార్డు సంచులు లెక్కబెట్టి దించేవాడు, ఎక్కించుకునేవాడు, సంతకాలయ్యేవి. ఆగని చిన్న స్టేషన్ల ఉత్తరాలు వెనకొచ్చే ప్యాసింజరుకు పోయేవి.

ఒక్కసారి మాత్రం. రెండు నిమిషాలు ఆగే ఒక స్టేషన్లో రాత్రి బండి కదిలింది, సంచి ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంది. పాతికేళ్ల కుర్రాడు దాన్ని తల మీద పెట్టుకొని పరుగెత్తుతున్నాడు. మెయిల్ గార్డు లోపల సంచుల లెక్కలో ఉన్నాడు, తలుపు దగ్గర నేనే ఉన్నాను. రూలు ప్రకారం వదిలేసి రిపోర్టు రాయాలి. "విసరొద్దు, అందియ్యి, అందియ్యి!" అని అరిచాను. అతను ఎత్తాడు, నేను మూతి పట్టుకున్నాను, లాగలేదు. చెయ్యిని వెనక్కి పోనిచ్చాను, బాపు చెప్పినట్టే. రెండు అంగలు అతను నాతో పాటు వచ్చాడు, సంచి నాతో వచ్చింది, అతను ఆగిపోయాడు. లోపల కూర్చున్నాక చేతులు వణికాయి. ఆ రాత్రి సార్టింగులో ఎన్ని తప్పులు చేశానో. ఇంటికి వచ్చి బాపుకు చెబితే మెచ్చుకుంటాడనుకున్నా. ఇంతెత్తున లేచాడు. "పోరడు పట్టాల కింద పడితే? సంచి రేపు పోతది, ఏమైతది?" అన్నాడు. లేవని ఆ చేతిని రెండో చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. మళ్లీ ఎన్నడూ చేయలేదు నేను.

ఇంగ్లండులో ఆఖరి వల 1971 అక్టోబరులో తీసేశారు. అమెరికాలో ఆఖరి రైలు పోస్టాఫీసు 1977 జూన్ 30న నడిచింది. మా డబ్బాల్లో సార్టింగు 1980ల్లో క్రమంగా పోయింది, సంచులు మోయడమే మిగిలింది. 1990ల్లో మన ఉప్పుగూడ మీదుగా పోయే మీటరుగేజి బ్రాడ్‌గేజి అయింది. ఇప్పుడు అక్కడ రింగు ఎత్తి పట్టుకునే మనిషి లేడు.

సార్, ఆలస్యానికి క్షమించండి.

హాలు వెనక టీ పెట్టిన బల్ల పక్కన ఒక బెత్తపు రింగు పెట్టించాను. రిటైరైన రైల్వే స్నేహితుడు ఒకాయన ఇచ్చాడు. తోలు సంచి ఉంది, గుండు లేదు, దానికి బదులు మా ఇంట్లో ఉన్న రెండు కిలోల తూకం రాయి వేశాను. పిల్లలు చెయ్యి దూర్చి చూడవచ్చు. ఒకరు నిలబడి పట్టుకోండి, ఒకరు నడుస్తూ అందుకోండి. పరుగెత్తకండి.