బిళ్ల విలువ ఆటలోనే తెలియాలి



శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు మన యానాది పెద్దలు ఎందరో అడ్వాన్సు తీసుకుని పనికి పోయినవాళ్లే. లెక్క యజమాని పుస్తకంలో ఉండేది. మనవాళ్లది వేలిముద్ర మాత్రమే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. కానీ ఎంచడం రాని ఇంటికి అప్పు తీరిందని ఎలా తెలుస్తుంది?

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నా. సాయంత్రం మీ కాలనీ పిల్లల్ని అరగంట ఆడించండి.

ఒకపక్క రెండు అయిదు రూపాయల బిళ్లలు, ఇంకోపక్క మూడు రూపాయి బిళ్లలు పెట్టి ఏది ఎక్కువని అడిగితే, చిన్నపిల్లలు మూడున్న వైపే చూపిస్తారు. వాళ్లు బిళ్లల్ని ఎంచుతారు, విలువను కాదు. కాబట్టి నేలమీద తొక్కుడుబిళ్ల గళ్లు గీసి 1, 2, 5, 10 రాయండి. బిళ్ల అయిదు గడిలో పడితే అయిదు గంతులు వేయాలి. మిగతావాళ్లు గట్టిగా ఎంచాలి.

తర్వాత అంకెలు రాసిన అట్టముక్కలు మెడలో వేయండి. “ఎనిమిది!” అంటే అయిదు, రెండు, ఒకటి చేతులు పట్టుకోవాలి. నాలుగు రెండ్లు కలిసినా ఎనిమిదే. మిగిలిపోయిన బిడ్డను ఆటలోంచి తీసేయకండి, తర్వాతి అంకె ఆ బిడ్డే పిలవాలి.

చివర అంగడి ఆట. 13 రూపాయల సరుకుకు 20 ఇస్తే, 14, 15 అంటూ 20 దాకా ఎంచి చిల్లర తీసుకోవాలి. పది రూపాయల బిళ్ల చెల్లదంటే జవాబు కూడా నేర్పండి: 14 రకాల పది బిళ్లలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది.

ఈరోజు చిల్లర ఎంచుకున్న బిడ్డ, రేపు వేలిముద్ర అడిగినవాణ్ణి ముందు లెక్క చూపించమంటుంది.