పుస్తకంలో చీటీ దొరికిన రోజు



మా సంఘం ఆమధ్య ఒక అప్పు ఇచ్చింది. మినిట్స్ పుస్తకంలో ‘ఇంటి రిపేరు’ అని రాశాం. అది పెళ్లి ఖర్చుకని మా పదిమందికీ తెలుసు. పదో తరగతి పిల్ల నోటుబుక్కులో ఒక అబ్బాయి రాసిన చీటీ దొరికింది. అంతే, మర్నాడే బడి మాన్పించారు. రెండు నెలల్లో సంబంధం చూసి పెళ్లి చేసేశారు. పరువు నిలబడిందన్నారు. మేమూ అక్షింతలు వేసి, భోంచేసి వచ్చాం.

ఆ పిల్లకి 15 ఏళ్లు. అప్పు వాయిదాలు సక్రమంగానే వస్తున్నాయి. పిల్ల మాత్రం ఒంట్లో రక్తం లేక, కడుపుతో ఆసుపత్రిలో పడింది. చూడ్డానికి వెళ్తే, ‘పరీక్షలు అయిపోయాయా పిన్నీ?’ అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ వయసులో ఒకరి మీద ఇష్టం పుట్టడం నేరమా? తీర్థంలోనో, ఊడ్పుల దగ్గరో ఒకరిని చూసి మనమూ నవ్వుకున్నవాళ్లమే. పైకి చెప్పుకోలేదు, అంతే.

1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం గారు ఆడపిల్లలకి బడి పెట్టిన రోజుల్లో, చదివితే పిల్ల చెడిపోతుందనేవారు. 150 ఏళ్లు దాటినా, చీటీ కనబడగానే మన నోటా అదే మాట. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లయింది.

2006 చట్టం ప్రకారం ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండాలి. ఆలోపు పెళ్లి చేసినవాళ్లతోపాటు ప్రోత్సహించినవాళ్లదీ నేరమే. కొడుకులున్న తల్లులు ఇంకోటి గుర్తుంచుకోండి. 18 లోపు పిల్ల తానే ఇష్టపడి వెళ్లానన్నా పోక్సో చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. కొట్టి, గదిలో పెట్టి, పెళ్లికి తొందరపెడితేనే పిల్లలు భయపడి ఇల్లు దాటుతారు. అప్పుడు రెండు ఇళ్లూ పోలీసు స్టేషన్ మెట్లెక్కాలి.

అందుకే మా సంఘం తీర్మానం చేసుకుంది. పెళ్లి అప్పు అడిగితే ముందు పిల్ల పుట్టిన తేదీ చూస్తాం. అబద్ధపు కారణం రాయం. చీటీ దొరికిన ఇంటికి ఇద్దరం వెళ్లి తల్లితో మాట్లాడతాం. మాట వినకపోతే 1098కి ఫోన్ చేస్తాం.

మన మండపేటలో ప్రతి సంఘం ఈ తీర్మానం రాసుకోవాలని కోరుతున్నాం. చీటీ దొరికిన రోజు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండి, చెప్పింది వినండి. మర్నాడు మామూలుగానే బడికి పంపండి.