పెన్ను ఎవరి చేతిలో ఉంది?



ఈ రోజు మాట పొదుపు సంఘం లీడరు గురించి.

ఒక ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారనుకోండి. అందరూ కూలికి పోయేవాళ్లే. నెలకు తలా 100 రూపాయల పొదుపు. నెలకు 1,200 రూపాయలు. ఏడాదికి 14,400 రూపాయలు. చిన్న మొత్తం కాదు.

వాళ్లలో ఒకామె చురుకైన మనిషి. ఏడో తరగతి దాకా చదివింది. ఆమెనే లీడరు చేశారు. లెక్కల పుస్తకం ఆమే రాస్తుంది. డబ్బుల పెట్టె ఆమె ఇంట్లోనే. తాళంచెవి ఆమె కొంగునే. బ్యాంకుకు ఆమే పోతుంది. ఎవరికి అప్పు ఇవ్వాలో ఆమే చెబుతుంది. రెండో లీడరు అని ఒకామె ఉంది. చూపించిన చోట సంతకం పెట్టడమే ఆమె పని.

మొదటి లీడరు చెడ్డదా? కాదు. ఒక్క రూపాయి తినలేదు. కూలి మానుకుని బ్యాంకు దగ్గర నిలబడేది. ఆ రోజు కూలి ఆమెకు ఎవరూ ఇవ్వరు. పైగా వెనకాల గుసగుసలు. "ఏం రాస్తుందో ఏమో!" అని. చేసేది ఒకరు, అనుమానపడేది పదకొండు మంది. లెక్క కనపడని చోట అనుమానం పుట్టక మానదు.

ఆమె కూతురి కాన్పుకు వెళ్లింది. రెండు నెలలు రాలేదు. మీటింగు ఆగింది. పొదుపు ఆగింది. అప్పుడే ఒక సభ్యురాలి కొడుక్కి జ్వరం ముదిరింది. సంఘం డబ్బు బ్యాంకులో ఉంది. తీయాలంటే లీడరు సంతకం కావాలి. పాసుపుస్తకం పెట్టెలో ఉంది. పెట్టెకు తాళం. తాళంచెవి లీడరుతో పాటే పోయింది. పాపం ఆ తల్లి నూటికి అయిదు రూపాయల వడ్డీకి బయట 2,000 రూపాయలు తెచ్చింది. నెలకు వడ్డీ 100 రూపాయలు. సంఘంలో నూటికి ఒక రూపాయి వడ్డీ. అక్కడ తీసుకుంటే 20 రూపాయలే. తన డబ్బు ఉండీ, నెలనెలా 80 రూపాయలు ఎక్కువ కట్టింది.

ఈ తప్పు ఎవరిది? "నాకు రాదులే అక్కా, నువ్వే రాసెయ్" అన్నవాళ్లది కొంత. "నీకెందుకులే పిల్లా, నేను రాస్తాగా" అన్న లీడరుది కొంత. రెండో మాట వినడానికి ప్రేమగానే ఉంటుంది. కానీ ఎక్కువ నష్టం ఆ మాటతోనే.

లీడరు తిరిగొచ్చింది. జరిగింది విన్నది. తర్వాతి మీటింగులో పెన్ను పక్కామె చేతికిచ్చింది. "ఎవరి పేరు వాళ్లే రాయండి, ఎవరి పొదుపు వాళ్లే రాయండి" అంది. ఒకామె 100 బదులు 1,000 రాసింది. అందరూ నవ్వారు. లీడరు చెయ్యి పుస్తకం మీదికి పోయింది. అంతలోనే ఆపుకుంది. "ఒక సున్నా ఎక్కువైంది, చూసుకో వదినా" అంది. ఆ వదినే కొట్టేసి, పక్కన సరిగా రాసి, సంతకం పెట్టింది. చెయ్యి ఆపుకోవడం పుస్తకం రాయడం కంటే కష్టం. అరగంటలో అయ్యే మీటింగు ఆ రోజు రెండు గంటలు పట్టింది. పొయ్యి మీద అన్నం మాడిందని ఒకామె సణిగింది కూడా.

నెలలు గడిచాయి. పెట్టె ఒక ఇంట్లో, తాళంచెవి ఇంకో ఇంట్లో పెట్టారు. బ్యాంకుకు వంతులు వేసుకున్నారు. లీడరు వెంట నెలకు ఇద్దరు పోవాలి. అప్పు సంగతి వచ్చినప్పుడు లీడరు అందరికన్నా చివర మాట్లాడాలి అనుకున్నారు. ఇది మంచి పద్ధతి. లీడరు ముందే మాట్లాడితే మిగతావాళ్లు తలూపుతారు, అంతేగదా!

లీడరుకు బాధ లేకపోలేదు. బ్యాంకులో ఇన్నాళ్లూ ఆమెనే పేరుపెట్టి పిలిచేవాళ్లు. ఇప్పుడు ఇంకొకరిని కూడా పిలుస్తున్నారు. మనసు చివుక్కుమంది. కానీ నెలకు మూడు రోజుల కూలి మిగిలింది. గుసగుసలూ తగ్గాయి.

పనులు పంచడమంటే లీడరు చేతులు దులుపుకోవడం కాదు. కొత్తగా రాసేవాళ్ల పక్కన ఆమె కూర్చోవాలి. ప్రతి మీటింగులో లెక్క అందరికీ వినపడేలా చదివించాలి. కిస్తీ కట్టనామెను మాత్రం లీడరు ఒక్కతే అడగకూడదు. సంఘమంతా అడగాలి. అప్పుడు పగ ఒక్కరి మీదికి పోదు.

నెల్లూరు జిల్లా సారా పోరాటం చాలామంది విన్నారు. దూబగుంట రోశమ్మ పేరూ విన్నారు. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. 1992లో ఆ పోరాటం ఊరూరా పాకింది. రోశమ్మ ప్రతి ఊరికీ పోయి హుకుం ఇవ్వలేదు. ఏ ఊరి ఆడవాళ్లు ఆ ఊళ్లో కూడబలుక్కున్నారు. ఏ ఒక్కరినో బెదిరిస్తే ఆగిపోయే పని కాదది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లా ఆడవాళ్లే తర్వాత రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు.

మీ సంఘంలో లీడర్లను మార్చాలనుకుంటే పని పెద్దది కాదు. మీటింగు పెట్టి తీర్మానం రాయండి. ఎవరు దిగుతున్నారో, ఎవరు వస్తున్నారో పేర్లు రాయండి. తేదీ వెయ్యండి. సభ్యులందరూ సంతకాలు పెట్టండి. కొత్త లీడర్ల ఫొటోలు, గుర్తింపు కార్డులు, పాసుపుస్తకం తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. పాత లీడర్లనూ వెంట తీసుకెళ్లండి. తీర్మానాన్ని ముందు ఒకసారి పైకి చదవండి. చదివేది కొత్తగా చదువు నేర్చినామె అయితే ఇంకా మంచిది.