కాగితం మట్టికి చేరే దారి

కాలికి తగిలిన కాగితాన్ని కళ్ళకద్దుకొనే సంప్రదాయం మనది. ఆ కాగితాన్నే సాయంకాలం పెరటిలో తగులబెట్టడమూ మనకు అలవాటే. చెట్టునుండి పుట్టిన కాగితాన్ని తిరిగి మట్టికి చేర్చగల ప్రాణి వానపాము. నేలను తీర్చిదిద్దడంలో ఈ అల్పజీవి చేసే కృషిని చార్లెస్ డార్విన్ 1881లో ఒక గ్రంథంగానే వివరించినాడు.

అడుగున రంధ్రాలున్న చెక్కపెట్టెను నీడలో ఉంచి, చింపి, తడిపి, పిండిన కాగితాన్ని అందులో పరచవలెను. నిగనిగలాడే పూతగల కాగితం పనికిరాదు. కుళ్ళిన పదార్థాలలో పెరిగే ఎర్రని వానపాములనే తెచ్చి విడువవలెను. పొలాలలో లోతున బొరియలు చేసుకొనేవి ఇందుకు తగవు. కాగితంలో నత్రజని బహుస్వల్పం. అందుచేత కూరగాయల తొక్కులు కూడ కలిపితేనే వాటికి చాలిన ఆహారం. తేమ ఆరరాదు, నీరు నిలువరాదు.

తగులబెడితే మిగిలేది పిడికెడు బూడిద. ఓపిక పడితే, కొద్ది నెలలలో తులసికోటకు చాలినంత నల్లని ఎరువు.